కందిగింజంత సరస్సు

మ్యాపులమ్మ అంటే ఆ వీధిలో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. అసలు పేరు అడిగితే మాత్రం తడుముకుంటారు. బడి గోడలకు వేలాడదీసే పెద్ద పటాలు తయారుచేసే కార్ఖానాలో ఆవిడ గీతలు గీస్తుంది, రంగులు దిద్దుతుంది. పదకొండేళ్లుగా ఖండాలన్నీ ఆవిడ చేతిమీదుగానే లోకంలోకి వెళ్తున్నాయి. ఊరు దాటి వరసగా రెండు రోజులు ఎక్కడా ఉండి ఎరగదు గానీ, ఆండీస్ పర్వతాల్లో ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. కూరగాయల సంచి ఎక్కడ పెట్టిందో మాత్రం రోజూ వెతుక్కుంటుంది.

ఇంట్లో ఆవిడకు పోటీ మామగారు. రిటైరైన స్కూలు మాస్టారు. ఆరేళ్లుగా ఆయన దక్షిణ అమెరికాను పిల్లలకు పరిచయం చేసే పుస్తకం రాస్తున్నారు. భూగోళం ఒక భాగం, చరిత్ర ఒక భాగం, సంస్కృతి ఒక భాగం. భోజనాల బల్ల మొత్తం ఆ ఖండానిదే. అత్తగారు పళ్లెం పెట్టాలంటే ముందు అమెజాన్ నదిని పక్కకు జరపాలి. అటకామా ఎడారిలో వాన ముఖం ఎరగని చోట్లున్నాయనీ, బంగాళాదుంప పుట్టిల్లు ఆండీస్ కొండలేననీ వింటూనే ఆ ఇంటిల్లిపాదీ అన్నం తింటారు. ఆ కొండల్లో ఒకప్పుడు రాజ్యమేలిన ఇంకా జాతివాళ్లు అక్షరాలు లేకుండానే తాళ్లకు ముళ్లు వేసి లెక్కలు దాచుకున్నారని ఆయన చదివి వినిపిస్తే, అత్తగారు "నేను రుమాలుకు ఒక్క ముడేసుకుంటే ఎందుకేసుకున్నానో గుర్తుండదు, వాళ్లు రాజ్యాలెలా ఏలారో!" అని ఆశ్చర్యపోయారు.

ఎట్టకేలకు పుస్తకం పూర్తయింది. కార్ఖానా యజమానే అచ్చు వేస్తానన్నాడు, కోడలి పటాలతో సహా. అంతేకాదు, గీతల గది పెద్దాయన ఈ నెలాఖరుకు దిగిపోతున్నాడు, పుస్తకం బయటికి రాగానే ఆ కుర్చీ నీదేనని మ్యాపులమ్మకు మాటిచ్చాడు. ఆ కుర్చీ మీద ఆవిడకు ఎంత ఆశంటే, ఎవరూ లేనప్పుడు రెండుసార్లు కూర్చుని కూడా చూసింది. మెత్తగానే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ప్రూఫులు వచ్చాయి. ఏ పటం ఎక్కడ పడాలో గుర్తులు పెట్టడానికి ఆవిడ ఒక్కో పేజీ తిప్పుతోంది. ఏడో అధ్యాయంలో ఒక పేరా దగ్గర ఆగి, రెండోసారి చదివింది.

"బ్రెజిల్ పీఠభూమి నడుమ ఒక రమణీయమైన సరస్సు కలదు. తీరవాసులు దానిని ఎంత పవిత్రముగా భావింతురనగా, దాని నామమును పైకి ఉచ్చరింపరు. అందుచేతనే పటములలో దీనికి పేరు కానరాదు. ఇచటి జాలరులు రెల్లుతో అల్లిన పడవలలో సంచరింతురు. వీరు శాంతమూర్తులు, అతిథిప్రియులు."

తొమ్మిది పంక్తులు. పుస్తకం మొత్తానికీ అందమైన తొమ్మిది పంక్తులు. చిక్కల్లా ఒక్కటే. ఆ సరస్సు లేదు.

అది మ్యాపులమ్మ తుమ్ము. పదకొండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన ఆరో వారం, దక్షిణ అమెరికా పటానికి నదులు దిద్దుతుండగా తుమ్మొచ్చింది. కుంచెలోంచి కందిగింజంత నీలం చుక్క జారి బ్రెజిల్ నడిబొడ్డున పడింది. గుడ్డ అంటించిన కాగితమది. బ్లేడుతో గీకితే నూగు లేచి పటమంతా పాడవుతుంది. మూడు వారాల పని, తెల్లారితే అచ్చుకు వెళ్లాలి. ఆవిడ అటూ ఇటూ చూసింది. చుక్క చుట్టూ సన్నగా ఒడ్డు గీసింది. ఒంటరిగా ఉంటే అనుమానం వస్తుందని వెంట్రుకంత వాగు ఒకటి తీసి దగ్గర్లో ఉన్న నదిలో కలిపింది. పటం స్కేలులో ఆ చుక్క యాభై కిలోమీటర్ల పొడవు నీళ్లు.

పట్టుబడలేదు. పట్టుబడే వీలే లేదు. కార్ఖానాలో పటాలు సరిచూసే ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. ఆయన కళ్లు భలే చురుకు, పద్ధతే మొద్దు. కొత్త పటాన్ని కార్ఖానా వేసిన పాత పటంతోనే పోలుస్తాడు, బయటి పటం ముట్టుకోడు. చుక్క పడిన పటం మీద, రంగులు దిద్దకముందే గీతలు చూసి ఆయన సంతకం పెట్టేశాడు కాబట్టి, మరుసటి ఏటి నుంచి సరస్సు ఉండటమే ఒప్పు. ఒకసారి మ్యాపులమ్మ భయపడి దాన్ని మానేస్తే, "ఇక్కడో సరస్సు మర్చిపోయావమ్మా" అని ఎర్ర సిరాతో చుట్టి వెనక్కి పంపాడు. ఆ తర్వాత ఆవిడకూ దానిమీద మమకారం పెరిగిపోయింది. ఏటేటా ఒడ్డును ఇంకాస్త ముద్దుగా దిద్దుతూ వచ్చింది. సిగ్గులేనితనమే, కాదనడానికి లేదు.

ఇప్పుడు నోరు విప్పితే కుర్చీ పోతుంది. విప్పకపోతే మామగారి పుస్తకంలో ఆ అబద్ధం అచ్చవుతుంది. శనివారమంతా ఆవిడ నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని తిరిగింది. ఆదివారం పొద్దున మాస్టారు ప్రూఫులు ముందేసుకుని, "అమ్మాయ్, ఏడో అధ్యాయం ఎలా ఉంది?" అని మురిపెంగా అడిగేసరికి ఇక ఆగలేకపోయింది.

"మామయ్యగారూ, ఆ సరస్సు లేదు."

"ఎక్కడ లేదు? అచ్చులో పోయిందా?"

"భూమ్మీదే లేదండీ. అది నా కుంచెలోంచి పడిన చుక్క."

మాస్టారికి విషయం ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక మాత్రం ఇల్లు దద్దరిల్లింది. "పసిపిల్లలు చూసే పటంలోనా? పదకొండేళ్లా? నీకసలు నిద్దరెలా పట్టిందమ్మా? ఆధారం లేకుండా నేను జీవితంలో ఒక్క అక్షరం రాయలేదు, తెలుసా!"

మ్యాపులమ్మ తల వంచుకుని అంతా విన్నది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తలెత్తింది.

"తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. నీళ్లు నావి. మరి జాలర్లు ఎవరివాళ్లండీ?"

"ఏ జాలర్లు?"

"రెల్లు పడవల్లో తిరిగేవాళ్లు. శాంతమూర్తులు."

మాస్టారు కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "సరస్సన్నాక జాలర్లుండరా?" అన్నారు చివరికి, గొంతు బాగా తగ్గించి. "పడవలు టిటికాకా సరస్సు వాళ్లవిలే. అక్కడ నిజంగానే ఉన్నాయి."

"అతిథిప్రియులని ఎలా తెలిసిందండీ?"

"ఈయన వెళ్లి భోంచేసొచ్చారుగా" అన్నారు అత్తగారు, బఠాణీలు ఒలుస్తూ తలెత్తకుండానే.

సోమవారం మామా కోడలూ యజమాని ముందు నిలబడ్డారు. ఆయన అంతా విని, లేచి వెళ్లి తలుపు మూసి వచ్చాడు.

"ఈ సంగతి ఎంతమందికి తెలుసు?"

"మా ఇంట్లోవాళ్లకి. ఇప్పుడు మీకు" అంది మ్యాపులమ్మ.

"అయితే ఇక్కడితో ఆపేద్దాం. కందిగింజంత చుక్క కోసం ఇంత రభసెందుకమ్మా? పుస్తకం వస్తుంది, నీ కుర్చీ నీకుంటుంది. అంత దూరం వెళ్లి ఎవరు చూస్తారు?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆయన మనసు కూడా తొమ్మిది పంక్తుల వైపే లాగుతోంది. మ్యాపులమ్మ ఊ అంటే చాలు, పనైపోతుంది.

"అక్కడ ఉండేవాళ్లు చూస్తారు కదండీ" అంది.

జవాబు లేనప్పుడు యజమానులు చేసేదే ఆయనా చేశాడు. పుస్తకంలోంచి ఆ పంక్తులు తీయించాడు గానీ, కుర్చీ భూతద్దానికి ఇచ్చాడు. పటం కొన్న ప్రతి బడికీ, ఫలానా చోట నీలం మీద ఆకుపచ్చ రంగు పూయవలసిందని మ్యాపులమ్మే తన చేత్తో ఉత్తరం రాయాలన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి పెరట్లో కాసేపు ఏడ్చింది. చేసిన తప్పుకు శిక్ష సరైందే అయినా బాధ బాధే. నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు రాసేసరికి వేళ్లు వాచాయి. చివరి వంద కవర్లూ మాస్టారే అంటించారు.

ఈలోగా ప్రెస్సు నుంచి కబురొచ్చింది. పేజీలు అమర్చేశాం, తీసేసిన చోట తొమ్మిది పంక్తుల ఖాళీ ఉంది, ఏదో ఒకటి రాసివ్వండి అని. మాస్టారు కలం పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు.

"అమ్మాయ్, ఆ చోట నిజంగా ఏముంది?"

"నాకు తెలీదు మామయ్యగారూ. ఇన్నేళ్లూ చూసింది మన పటాలే."

ఆయన రాశారు. ఈసారి మామూలు వాడుక భాషలో రాశారు. రాశాక పైకి చదివారు. "పిల్లలూ, సరిగ్గా ఇక్కడ ఏముందో, ఎవరుంటారో నాకు తెలియదు. తెలిసినట్టు రాసి, కోడలు చెబితే కొట్టేశాను. ఈ చోటు మీకోసం వదిలేస్తున్నాను. తెలుసుకుని మీరే నింపండి. నింపేముందు అక్కడివాళ్లను ఒక్కసారి అడగండి."

మ్యాపులమ్మకు కళ్లు చెమర్చాయి. ఏదో అనబోయింది గానీ, వంటగదిలోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చేశారు.

"ఏమండీ, ఆ మొదటి ముక్క ఇంకోసారి చదవండి."

"ఏ ముక్క?"

"అదే, తెలియదన్నారే, ఆ ముక్క."

పెళ్లయిన నలభై ఆరేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం ఆవిడకు అదే మొదటిసారి. మాస్టారు గొంతు సవరించుకుని మళ్లీ చదివారు. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకోసారి చదవమన్నారు.