వానరోజు కప్ప కారు: ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు

పోయిన నెల నా కారు గురించి నాలుగు మాటలు రాసినప్పుడు అనంతపురం నుంచి ఒక పాఠకుడు అడిగాడు: "మేడం, రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారును మన రోడ్ల మీద రోజూ నడపొచ్చా, లేక ఆదివారం పూట బయటికి తీసి తుడుచుకోవడానికేనా?" తానూ బెంగళూరులో ఒక పాత బండి చూసి పెట్టుకున్నాడట. ఒక్క మాటలో జవాబు చెప్పేకంటే నా మామూలు పనిరోజు ఒకటి మొదటి నుంచి చివరిదాకా రాస్తే ఆయనకు పనికొస్తుందనుకున్నాను. అక్టోబరులో ఒక మంగళవారం ఆ ఉద్దేశంతోనే ప్రొద్దుటూరులో బయలుదేరాను. ఆ రోజు మామూలుగా గడవలేదు. అయినా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేను తెలియనివాళ్ళ కోసం ఒక మాట. నేను మత్తు డాక్టర్ని. సొంత ఆసుపత్రి లేదు. ప్రొద్దుటూరులో ఉంటూ, ఆపరేషన్ ఉందని పిలిచిన చోటికి పోతుంటాను. వారంలో ఎక్కువ రోజులు జమ్మలమడుగు, పులివెందుల తిరుగుడే. చాలా ఏళ్ళు చిన్న కార్లలోనే తిరిగాను. యాభయ్యో ఏట బెంగళూరులో ఒకరి దగ్గర ఈ కారు కొన్నాను. ఎందుకంటే నాకు కారు నడపడం ఇష్టం, రోజులో రెండు మూడు గంటలు దాంట్లోనే గడుస్తాయి. అంతకు మించిన కారణమేమీ లేదు. ఇంజను వెనక, డిక్కీ ముందర. నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. మా వీధిలో బట్టల అంగడి శెట్టిగారు దాన్ని చూసిన మొదటిరోజే కప్ప అని పేరు పెట్టారు. ఇప్పుడు వీధి వీధంతా అదే పేరు.

ఆ పొద్దున ఏడింటికి నేను కారు బయటికి తీస్తుంటే ఆయన అంగడి తలుపులు తెరుస్తున్నారు. "ఏమ్మా, కప్ప ఇయ్యాల యాడికి దుంకుతాది?" అన్నారు.

"జమ్మలమడుగుకు, శెట్టిగారూ. మధ్యాన్నానికి వచ్చేస్తా."

"మబ్బు పట్టుండాది. చూసుకోని పో."

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఊరు దాటేదాకా ఈ కారుకూ ఆటోకూ తేడా ఉండదు. స్పీడ్ బ్రేకర్ కనబడగానే బటన్ నొక్కితే కారు ముక్కు కొంచెం పైకి లేస్తుంది. అప్పుడు కూడా నేరుగా ఎక్కకుండా, ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కేలా ఏటవాలుగా పోవాలి. వెనక వచ్చేవాళ్ళు హారన్ కొడతారు. కొట్టనివ్వాలి. ఊరు దాటాక నాపరాళ్ళ లారీల వెనక దగ్గరగా పోకూడదు. వాటి నుంచి జారిన ఒక చిన్న ముక్కకే నా ముందు అద్దం పగిలింది, కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు ఇస్తుంది. దీనికి కావలసిన రకం పెట్రోలు అన్ని బంకుల్లో దొరకదు కాబట్టి ప్రొద్దుటూరులోనే ట్యాంకు నింపుకుంటాను. పులివెందుల దాకా పోయి రావడానికి పెట్రోలు ఖర్చే రెండు వేలు దాటుతుంది. సర్వీసుకు బెంగళూరే గతి.

జమ్మలమడుగులో ఆసుపత్రికి దగ్గరగా ఒక చిన్న హోటల్లో కారం దోసె తిన్నాను. ఎర్రకారం మీద పప్పుల పొడి చల్లి, పక్కన చెనిక్కాయల చట్నీ వేస్తారు. హోటలాయన దోసె తిప్పుతూనే కిటికీలోంచి కారును చూశాడు.

"మేడం, ఇది గంటకెంత పోతాది?"

"మూడు నూర్లు పోతాదంట. నేనెప్పుడూ పోలే."

"ప్రొద్దుటూరు నుంచి ఈడికి ఎంతసేపు పట్టింది?"

"అర్ధగంట."

"బస్సుకు ఇంగో పది నిమిషాలు ఎక్కువ, అంతే గదా," అని దోసె ప్లేటులో వేశాడు.

ఆసుపత్రిలో ఒక పెద్దాయనకు హెర్నియా ఆపరేషన్. పదకొండు లోపే అయిపోయింది. చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. పులివెందులలో నర్సింగ్ హోమ్ నడిపే సుమతి. ఇద్దరం ఒకే కాలేజీలో చదువుకున్నాం.

"యాడుండావ్?"

"జమ్మలమడుగులో. ఏమైంది?"

"ఒక కాన్పు కేసు. మొదటి కాన్పు. బిడ్డ గుండె కొట్టుకునేది తగ్గుతాండాది. సిజేరియన్ చేయల్ల. ఈడి మత్తు డాక్టరు ఊర్లో లేడు. కడపకు పంపియ్యాల్నా, నీ కోసం కాచుకోవాల్నా? ఒక్క మాట చెప్పు."

మామూలుగా అయితే జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు గంటంబావు. కడపకు పంపితే ఆ అమ్మాయి ప్రయాణమే అంతకంటే ఎక్కువ. "కాచుకో. గంటలో ఉంటా," అన్నాను.

ఆ మాట అన్నాక ఇక వెనక్కి పోవడానికి లేదు. ఈ కారు ఎందుకని అడిగేవాళ్ళకు ఆ రోజు జమ్మలమడుగు, ముద్దనూరు మధ్య దారి చూపించి ఉండేదాన్ని. రెండు పక్కలా నల్లరేగడి చేలు, నేరుగా పోయే రోడ్డు. లారీని దాటాలంటే నా పాత కారులో ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. ఇందులో కాలు కొంచెం వత్తితే చాలు, లారీ వెనక పడిపోతుంది. ముద్దనూరు దగ్గర వాన అందుకుంది. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కూడా కనబడనంత వాన. అక్కడినుంచి వేగం తగ్గించాను. వెడల్పాటి టైర్లు నీటి మీద తేలిపోయే ప్రమాదం ఉంది.

ముద్దనూరు దాటి కొంత దూరం పోయాక ఒక వంక మీద కొత్త వంతెన కడుతున్నారు. పక్కన తాత్కాలికంగా మట్టి దారి వేశారు. ఆ దారి మీద ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. ఇటుపక్క రెండు లారీలు, కొన్ని మోటర్ సైకిళ్ళు ఆగి ఉన్నాయి. నా కళ్ళ ముందే ఒక బస్సు మెల్లగా దాటింది. దాని చక్రం సగం దాకా మునిగింది. బస్సు చక్రంలో సగమంటే నా కారుకు హెడ్‌లైట్లు మునిగే ఎత్తు. ఇంజనులోకి నీళ్ళు పోతే కారు వంక మధ్యలో నిలబడిపోతుంది, నేనూ దాంతోపాటు. వైపర్లు ఆడుతుంటే స్టీరింగ్ పట్టుకుని ఊరికే కూర్చున్నాను. నలభై నిమిషాల క్రితం "కాచుకో" అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

తల మీద గోనెసంచి కప్పుకున్న ఒకాయన వచ్చి అద్దం మీద తట్టాడు. అరవై ఏళ్ళుంటాయి. "మేడం, దీన్ని నీళ్ళలోకి దించొద్దు. మునుగుతాది."

"తెలుసప్పా. పులివెందులకు బిర్న పోవల్ల. కాన్పు కేసు. నేను మత్తు డాక్టర్ని."

ఆయన అంతదాకా కారును చూస్తున్నవాడు నా వైపు తిరిగాడు. "ఎనక్కి పోయి సింహాద్రిపురం మీద చుట్టుకుంటే వంతెన ఎత్తుగా ఉండాది. కానీ గంట పైనే ఎక్కువ పడ్తాది."

"అంత టైం లేదు."

ఆయన గబుక్కున తిరిగి, వంక అంచుకు చేరుకుంటున్న ఒక ట్రాక్టరు వైపు చెయ్యెత్తి, "ఓబులేసూ, నిలుపప్పా. డాక్టరమ్మను ఎక్కిచ్చుకో," అని కేకేశాడు.

నేను సుమతికి ఫోన్ చేసి చెప్పాను. అంబులెన్సును వంక అవతలికి పంపుతానంది. నా మందుల సంచి తీసుకుని దిగాను. అప్పుడు ఆయన అన్నాడు: "ఈడ పెడితే నీళ్ళొస్తాయి మేడం. ఇది పల్లం. తాళం ఇయ్యి, మా చీనితోట కాడ ఎత్తులో పెడ్తా."

"నడపను వస్తాదా?"

"కువైట్లో పన్నెండేండ్లు ఇంటి డ్రైవరుగా చేసినా. మా షేక్ కొడుకులకు ఇట్లాటివి ఉండె."

ఆ తాళం నేను మా ఆయనకు కూడా ఇచ్చింది లేదు. ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. తాళం ఈయన చేతికిచ్చి, ముక్కు లేపే బటన్ చూపించి, పేరు అడిగాను. మహబూబ్ బాషా అన్నాడు. ఫోన్ నంబరు తీసుకోవాలన్న సంగతి తోచలేదు.

ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని సంచిని గుండెలకు హత్తుకున్నాను. ఓబులేసు ఒక్కసారే నోరు తెరిచాడు: "గట్టిగా పట్టుకో మేడం, ఈడ గుంత ఉండాది." నీళ్ళు నా చెప్పులను తాకుతూ పోయాయి. అవతలి గట్టున దిగి వానలో పది నిమిషాలు నిలబడ్డాక అంబులెన్సు వచ్చింది. సుమతికి చెప్పిన గంట అప్పటికే దాటిపోయింది.

నర్సింగ్ హోములో నా కోసం కాచుకున్న అమ్మాయి పేరు మల్లీశ్వరి. ఆపరేషన్ గది బయట ఆమె తల్లి నా తడి చెయ్యి పట్టుకుని, "ఇంతసేపా తల్లీ," అంది. కోపం కాదు, భయం. తడిబట్టలు మార్చుకుని లోపలికి పోతే నా వేళ్ళు చలికి బిగుసుకుపోయి ఉన్నాయి. వెన్నులో సూది వేసే పనికి వేళ్ళు స్థిరంగా ఉండాలి. వేడి నీళ్ళ కింద చేతులు పెట్టుకుని అవి నా మాట వినేదాకా ఆగాను. ఆ రోజు మొత్తంలో అంత పొడవైన నిమిషం ఇంకొకటి లేదు.

బిడ్డ బయటికి వచ్చింది కానీ ఏడవలేదు. ఒళ్ళు నీలంగా, పట్టు లేకుండా ఉంది. నేనూ సుమతి పిలిపించిన పిల్లల డాక్టరూ కలిసి చిన్న మాస్కు పెట్టి గాలి అందిస్తున్నాం. సుమతి తల దించుకుని కుట్లు వేస్తోంది. మల్లీశ్వరి పైకప్పు చూస్తూ, "ఏడ్చిందా?" అని అడిగింది. కొంచెంసేపాగి మళ్ళీ అడిగింది. మూడోసారి ఆమె అడగబోతుండగా బిడ్డే జవాబిచ్చింది. మొదట పిల్లికూతలా సన్నగా, ఆ తర్వాత గదంతా వినబడేలా.

"ఆడపిల్ల," అన్నాను.

"ఏడ్చింది గదా," అంది ఆమె, అదొక్కటే చాలన్నట్టు.

టీ తాగుతుండగా కారు గుర్తొచ్చింది. సంగతి విని సుమతి కప్పు కింద పెట్టింది. "తాళం ఎవరికిచ్చినావు?"

"మహబూబ్ బాషా అని ఒకాయనకు."

"ఈ చుట్టుపక్కల ఎంతమంది మహబూబ్ బాషాలుంటారో తెలుసా నీకు?"

నాలుగు గంటలప్పుడు బయటికి వచ్చాను. కారు గేటు పక్కనే ఉంది, కప్పు దాకా ఎర్రమట్టి. చుట్టూ జనం. బాషా వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"తోట కాడ పెడ్తానంటివి గదప్పా?"

"పెడ్తి. అన్నం తినను ఇంటికి పోతి. మళ్ళా అనుకుంటి, ఆయమ్మ బండి ల్యాకుండా మాపున యాడ పోతాది అని. చుట్టుకోని, కాన్పుల ఆసుపత్రి యాడని అడుక్కుంటా వస్తి." టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "నలభై దాటిచ్చలే. నాది కాదు గదా. ముందర కింద ఒకసారి తగిలింది, చూసుకో. బిడ్డ ఎట్లుండాది?"

"బాగుండాది. ఆడపిల్ల."

"అల్హందులిల్లా," అని తాళం నా చేతిలో పెట్టాడు. వంగి చూస్తే ముందు భాగం కింద ఒక కొత్త గీత ఉంది. దాని పక్కన నావి రెండు ఎప్పటినుంచో ఉన్నాయి.

తిరుగు ప్రయాణం సింహాద్రిపురం మీదుగానే చేశాను. వాన ఆగింది. బాషా పక్క సీట్లో చెప్పులు విడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వద్దన్నా వినలేదు. "పన్నెండేండ్లు నడిపినా గానీ ఈ పక్క ఎప్పుడూ కూర్చోలే," అన్నాడు. తోట దగ్గర పడ్డాక మొహమాటంగా అడిగాడు. "మా ఇంటామెను ఒక్కసారి కూచోబెడ్తావా మేడం? నేను ఎన్నిసార్లు చెప్పినా ఇట్లాటి బండ్లు నడిపినానంటే నమ్మేది కాదు."

ఆమె పేరు షంషాద్. తోట పక్కనే ఉన్న ఇంట్లో పొయ్యి దగ్గరి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బాషా చెప్పులు చేత పట్టుకునే దారి మీద నిలబడ్డాడు. ఆమెను ఎక్కించుకుని పెద్ద రోడ్డు దాకా పోయాను. తడి తగ్గి, రోడ్డు నేరుగా ఉన్న ఒక చోట కాలు కొంచెం వత్తాను. ఆమె తలుపు పట్టుకుందే గానీ భయపడలేదు.

"ఇట్లాటిదాంట్లోనేనా ఆయప్ప తిరిగింది?"

"అవునంట."

"ఎనక సీటు ల్యా?"

"లేదమ్మా. ఇద్దరికే."

ఆమె చేలవైపు తిరిగి అంది. "ఫోన్ చేసినప్పుడంతా బాగుండా, బాగుండా అనేవాడు. ఏం బాగో నాకు తెల్సేది కాదు. పిల్లోల్లను ఎత్తుకోని నేనీడ బస్సుల్లో నిలబడి పోతాంటి." తర్వాత నవ్వింది. "బాగనే ఉండాది లే."

తోట దగ్గర కారు ఆపాక ఆమెకు దిగడం చేతకాలేదు. అంత కిందికి ఉన్న సీట్లోంచి లేవడం కొత్తవాళ్ళెవరికైనా కష్టమే. నేను దిగి అటు వచ్చేలోపు ఆమె భర్తను పిలిచింది. "ఏం చూస్తాండావు? చెయ్యి ఇయ్యి." ఆయన చెప్పులు కింద పడేసి రెండు చేతులూ చాచాడు. ఆమె లేచి నిలబడింది. లేచాక కూడా ఆ చేతులు వెంటనే వదల్లేదు. నేను డిక్కీ తెరిచే పని పెట్టుకున్నాను. అది వాళ్ళిచ్చిన చీనికాయలతోనే, అంటే బత్తాయిలతోనే, నిండిపోయింది.

అనంతపురం పాఠకుడికి నా జవాబు: నడపొచ్చు. మరుసటి రోజు కారు కడిగించుకుని, వంక తగ్గాక అదే దారిలో మళ్ళీ పోయాను. ఈ కారు ఆ రోజు నాకు పది నిమిషాలు మిగిల్చింది. ఆ పది నిమిషాలూ వంక అవతల అంబులెన్సు కోసం నిలబడడానికే సరిపోయాయి. వేగంగా పోవడం నా చేతిలో ఉంది, చేరడం నా ఒక్కదాని చేతిలో లేదు. ఇన్నేళ్ళు ఈ దారుల్లో ఒంటరిగానే తిరుగుతున్నానని అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ వంక దాటినప్పుడల్లా చీనితోట వైపు ఒకసారి హారన్ కొడతాను. ఎవరైనా బయట ఉంటే చెయ్యెత్తుతారు.

వానాకాలంలో ఈ దారిన పోయేవాళ్ళకు ఒక సలహా. వంక పారుతోందో లేదో ఫోన్లో మ్యాపు చెప్పదు. ముద్దనూరులో టీకి ఆగి, పులివెందుల వైపు నుంచి వచ్చిన బస్సు పక్క రేకులు చూడండి. ఎర్రనీళ్ళ మరక ఎంత ఎత్తు దాకా ఉందో, వంకలో నీళ్ళూ దాదాపు అంతే ఉంటాయి. అది మీ కారు చక్రంలో సగం దాటేలా ఉంటే అక్కడినుంచే సింహాద్రిపురం దారి పట్టండి.