మింగనివాళ్ళు

ఒక్క చుక్కైనా రుచి చూడకముందే వైన్ మీద నాకు సరదా పుట్టింది. వనపర్తి బస్టాండులో పాలమూరు బస్సు కోసం కూర్చుని, హైదరాబాదు ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలో గ్లాసుల బొమ్మలు చూస్తున్నాను. పక్కన ఒకామె, ఆమెకు అవతల భర్త. అతని చేతులు రెండూ తువ్వాలతో కట్టేసి ఉన్నాయి. ఒళ్ళంతా వణుకుతోంది.

“కల్లుల మత్తుమందు కలిపి అమ్మిండ్రు తమ్మీ. గిప్పుడు దుకాణం బందయింది. తాగకుంటె తన్ను తానే కొట్టుకుంటుండు. దవాఖానకు తోల్కపోతున్న,” అంది నేనడగకుండానే. నా పుస్తకం వైపు చూసింది. “గదేంది?”

“ద్రాక్షసారా గురించి అక్కా. వాసన చూస్తరు, నోట్ల పోసుకుని రుచి చూస్తరు, ఉమ్మేస్తరు.”

“ఉమ్మేస్తరా?”

“నేర్చినోళ్ళు మింగరక్కా.”

నవ్వుతుందనుకున్నాను. ఆమె భర్త వైపు తిరిగి, కొంగుతో అతని మూతి తుడిచి, పసిపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా అంది.

“ఇన్నవా, ఉమ్మెయ్యొచ్చునంట.”

అతను ఆమెకేసి చూశాడు. తర్వాత ముందుకు వంగి, ఎండిన పెదాలతో నేలమీద ఉమ్మబోయాడు. ఏమీ రాలేదు.

ఇప్పుడు నేను వైన్ రుచి చూసే చోట పక్కనే ఉమ్మడానికి గిన్నె పెడతారు. ఆ ఎండిన పెదాలు గుర్తొచ్చి నేను మింగేస్తాను. ఇంకా నేర్చుకోలేదని పక్కవాళ్ళు నవ్వుతారు.