కమలత్తకు థాంక్స్ చెప్పిన పాపానికి

ఒక్క థాంక్స్‌తో చుట్టాలందరినీ పూలపళ్ళేలతో సహా ఇంటికి రప్పించవచ్చని మీకు తెలుసా? నేను రప్పించాను. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, కానీ మా అత్త ముందు మాత్రం నవ్వకండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పుదుచ్చేరి బీచి దగ్గర ఒక చిన్న హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం. చేరీ చేరగానే మా మేనేజరు మర్యాదల మీద క్లాసు పీకాడు. "కృతజ్ఞత మనసులో దాచుకుంటే మురిగిపోతుంది. చేత్తో రాసిన కార్డు, దాంతోపాటు చిన్న టిప్పు. అదీ నాగరికత!"

నాకు జ్ఞానోదయమైపోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త నాగరికురాలు చుట్టాలనే ఎరగదు.

ఎవరికి చెబుదామా అని వెతికితే కమలత్త కనబడింది. మా నాన్న అక్క, పక్కవీధిలోనే ఉంటుంది. అంతకుముందు నేను టైఫాయిడుతో మంచమెక్కితే, అమ్మ ఉద్యోగానికి పోయిన వేళల్లో గంజీ, మిరియాల రసమూ మోసుకొచ్చి, వద్దన్నకొద్దీ తాగించి నన్ను మళ్ళీ మనిషిని చేసింది ఆవిడే.

కార్డు తెలుగులో రాశాను. తరతరాలుగా ఇక్కడే ఉంటున్న మావాళ్ళు తెలుగు గలగలా మాట్లాడతారు కానీ చదవడం రాదు. నేను ఫోనులో చూసి అక్షరాలు నేర్చుకుని, ఆ పొగరు మీదున్నాను. అంగట్లో కవరడిగితే వినాయకుడి బొమ్మా, అంచున రూపాయి బిళ్ళా అతికించిన ఎర్ర కవరిచ్చారు. అందులో ఐదువందల నోటు పెట్టాను. అత్త గుడికి పోయుంటే, మా ఇంట్లో ఉండిపోయిన ఆమె క్యారియరు మీద ఆ కవరుంచి, ఆవిడ వసారాలో వదిలేసి, దర్జాగా డ్యూటీకి పోయాను. డ్యూటీలో ఫోను ముట్టకూడదన్నది కూడా మా మేనేజరు మర్యాదల్లో ఒకటి.

మీరిక్కడ ఒక సంగతి గమనించాలి. నేను గమనించలేదు. మా ఇళ్ళకు తెలుగు అక్షరాలతో వచ్చేవి పెళ్ళిపత్రికలొక్కటే!

సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. లోపల పళ్ళేల నిండా పూలు, పండ్లు. వాటి మధ్య మా అమ్మ, శిలలాగా.

"ఏందే ఇది? కన్నతల్లికి ఒక్క మాట చెప్పకుండా కల్యాణం పెట్టుకున్నావా?"

"ఎవరికమ్మా కల్యాణం?"

"నీకే!" కమలత్త నన్ను వాటేసుకుంది. "ఆమెకు చెప్పకపోయినా నాకు మొదటి పత్రిక పెట్టినావు కదే, నా బంగారూ! దుడ్డు గూడా పెట్టినావు!"

కిరుమాంబాక్కం నుంచి పరిగెత్తుకొచ్చిన చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "మాప్పిళ్ళై, అదే మన పెండ్లికొడుకు, యాడ పాపా? మీ హోటల్లో దిగిన ఫ్రాన్సాయనే కదా?"

"ఏ ఫ్రాన్సాయన చిన్నాయనా?"

"దాచబాక. బస్సులో వస్తా వస్తా 'బోన్‌జూర్' గూడా నేర్చుకున్నా. ఆయన కూరాకు తింటాడా, చేపలు చేపించాల్నా, అదొక్కటి చెప్పు చాలు!"

అమ్మ ఏడుపందుకుంది. "ఏ దేశపోడైతే ఏంది, ముందు నాకు చూపించకూడదా!"

నేను కార్డు లాక్కుని పైకి చదివాను. "ప్రియమైన అత్తగారికి, మీరందించిన విలువైన సేవలకు ధన్యవాదాలు. మీ రసం అమోఘం. ఇందులోని చిన్న మొత్తం స్వీకరించగలరు."

చిన్నాయన బోన్‌జూర్ గొంతులోనే చచ్చిపోయింది.

"అంటే... కల్యాణం లేదా?" అమ్మ ముఖం వెలిగింది. అత్త ముఖం ఆరిపోయింది.

"సేవలా? రసానికి టిప్పా? నేనేమన్నా మీ హోటల్లో సర్వరా? చిన్నప్పుడు నీ చీమిడి తుడిచినా కదా, దానికెంతిస్తావు?"

"అది కాదత్తా, థాంక్స్ చెబుదామని..."

"థాంక్స్ బయటోళ్ళకు చెప్తారే. నన్ను బయట నిలబెట్టినావా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నిజంగా భయమేసింది. ఫ్రాన్సాయన్ని చేసుకున్నా క్షమించేదేమో, దీన్ని మాత్రం క్షమించేట్టు లేదు.

అత్త శుభవార్త కోసం చేసి తెచ్చిన పాయసం గిన్నె నా ముందు దభీమని పెట్టింది. "కూచో." తిన్నాను. ఇంకో గరిటె వేసింది. తిన్నాను. ఊపిరాడక చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆమె ముఖం చూసి, చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"అత్తా, ఇంకొంచెం పెట్టు."

అంతే! అత్త ముఖం మతాబాలా వెలిగింది. "ఈ మాట ముందే అనుంటే నీ ఐదువందలు మిగిలిండేవి కదే! ఆ నోటు జీడిపప్పయి నీ గిన్నెలోనే ఉండాది!"

కాబట్టి, కడుపు మీద చెయ్యేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా చుట్టాల్లో ఎవరైనా నాకు కిడ్నీయే దానం చేసినా సరే, ఆపరేషన్ బల్ల మీద కళ్ళు తెరిచి "ఇంకోటి పెట్టు" అంటానే తప్ప, థాంక్స్ మాత్రం ఛస్తే అనను.