ఇచ్చేసిన పట్

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన చలికాలంలో నన్ను దక్షిణ కోల్‌కతాలోని ఒక గోల్ఫ్ మైదానానికి కేడీ మాస్టర్‌గా వేశారు. ఆటగాళ్ళ కర్రల సంచీ మోసి, దూరాలు చెప్పేవాడు కేడీ. ఎవరి వెంట ఎవరు వెళ్ళాలో నిర్ణయించడం, మైదానంలో తగవు వస్తే రూలు చెప్పడం కేడీ మాస్టర్ పని. ఆ ఊళ్ళోనే ఏక్‌బాల్‌పూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టి, పదహారేళ్ళు సంచీలు మోసి ఆ కుర్చీలోకి వచ్చినవాణ్ణి. రూలు పుస్తకం నాకు కంఠతా వచ్చు. అది నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆదివారం ఉదయం ఇద్దరు పెద్దలు కలిసి ఆడేవారు. ఒకరు అప్పలరాజుగారు, ఓడరేవులో ఇంజనీరుగా చేసి రిటైరైన శ్రీకాకుళం మనిషి. రెండోవారు డాక్టర్ సేన్. ముప్ఫై ఏళ్ళ స్నేహం.

బంతి గుంతకి బాగా దగ్గరగా ఆగితే, ఇక కొట్టక్కర్లేదు, పడినట్టే లెక్క అని ఎదుటి ఆటగాడు అనవచ్చు. గుంతలోకి దొర్లించే ఆ చివరి దెబ్బ పట్, అలా వదిలేయడాన్ని పట్ ఇవ్వడం అంటారు. సరదా ఆటల్లో ఇది రివాజు. సాధారణంగా జానెడు దూరం దాటితే ఇవ్వరు. నాకివ్వు అని అడగడం మర్యాద కాదు. సేన్‌గారు ఈ విషయంలో పిసినారి. బెత్తెడు దూరంలో ఉన్నా కొట్టించేవారు. దానిమీద ఇద్దరూ హాయిగా పోట్లాడుకునేవారు.

మరుసటి ఏడు అప్పలరాజుగారికి పక్షవాతం వచ్చింది. కోలుకుని వచ్చారు గాని కుడిచెయ్యి వణుకుతుండేది. అప్పటినుంచి సేన్‌గారు ఇవ్వడం మొదలుపెట్టారు. ముందు జానెడు, తర్వాత మూరెడు, చివరికి బారెడు. రెండు నెలలుగా అప్పలరాజుగారి బంతి ఒక్కసారి కూడా గుంతలో పడలేదని వాళ్ళ కేడీ కార్తీక్ నాతో అన్నాడు. 

ఒక ఆదివారం చివరి గుంత చుట్టూ ఉన్న నున్నటి పచ్చిక (గ్రీన్) మీద నుంచి నన్ను పిలిచారు. అప్పలరాజుగారి బంతి గుంతకి రెండు మూరల దూరంలో ఉంది. సేన్‌గారు ఇచ్చేశారు. కార్తీక్ తీయబోతే అప్పలరాజుగారు కర్ర అడ్డం పెట్టారు.

"అయిపోయింది రాజుదా, తీసెయ్యండి," అంటున్నారు సేన్‌గారు బెంగాలీలో. 'దా' అంటే అన్న.

అప్పలరాజుగారు నావైపు తిరిగి తెలుగులో అడిగారు. "ఏటి తమ్ముడూ, ఆయన ఇచ్చినా నాను కొడతానంటే రూలొప్పదా?"

"ఒప్పదు బాబూ. ఇచ్చిన పట్‌ని వద్దనే హక్కు లేదు. ఇచ్చాక ఇక అంతే," అన్నాను.

ఆయన కాసేపు బంతినే చూశారు. తర్వాత కర్ర కార్తీక్‌కి ఇచ్చి, టోపీ తీసి సేన్‌గారితో చెయ్యి కలిపారు. కారు దగ్గర నేను తలుపు తీస్తుంటే మెల్లగా అన్నారు: "పడుద్దో పడదో నాను కదా సూసుకోవాల."

వెనక ఆడుతూ వస్తున్న బృందం ఆ గ్రీన్‌కి రావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఆయన్ని వెనక్కి తీసుకెళ్ళి ఆ బంతి కొట్టించగలిగేవాణ్ణి. "జాగ్రత్త బాబూ," అని మాత్రం అన్నాను.

ఆయన మళ్ళీ రాలేదు. నెలన్నర తర్వాత రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి కోలుకోలేదు. ఆ కబురు చెప్పడానికి సేన్‌గారు నా గదికి వచ్చారు. "బంతి గుంత తప్పితే నలుగురిలో చిన్నబోతారని భయపడ్డాను. అంతకుమించి ఏం లేదు," అన్నారు. నిలబడే ఏడ్చారు. నేను కుర్చీ జరిపాను గాని ఆయన కూర్చోలేదు.

నేను చెప్పిన రూలు నిజమే. అయితే అది పోటీగా ఆడే ఆటకి. వాళ్ళది స్కోరు కూడా రాసుకోని ఆట. అక్కడ ఏ రూలూ ఆయన చేతిని ఆపలేదు, నేనే ఆపాను. అప్పటినుంచి కొత్త కేడీలకి ఒకటే చెబుతున్నాను: ఎదుటివాళ్ళు పట్ ఇచ్చారని వెంటనే వంగి బంతి తీయకండి. ఆ బంతి ఎవరిదో ఆయన వైపు చూడండి. ఆయన కొట్టాలనుకుంటే పక్కకి తప్పుకోండి. పడినా, పడకపోయినా అది ఆయనది.