ఊపిరి తీసుకున్న చోట కొత్త లైను

మా మామగారు పోయిన సంగతి ఊరికి మైకులో చెప్పలేదు. చెప్పేవాళ్ళు లేక. వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున ఉండే మా పల్లెలో ఎవరు పోయినా, రేషను బండి వచ్చినా, సముద్రం మీద గాలి లేచినా, మత్స్యకారుల సంఘం మిద్దె మీది మైకులో వినిపించేది ఆయన గొంతే. ఆ పొద్దున ఆయనే నిద్రలో వెళ్ళిపోయారు. సంఘం గది తలుపు తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. మా ఆయన, దాయాదులు ఇంటింటికీ నడిచి కబురు చెప్పారు. నేను ఆ రోజు ఆఫీసు పని మీద నెల్లూరులో ఉన్నాను. అత్తయ్య ఫోన్ చేసి, "మీ మామయ్య పోయినారమ్మా. బస్సులో ఏడవబాక, ఇంటికొచ్చినాక ఏడుద్దువు" అంది. నేను బస్సులోనే ఏడ్చాను.

నాది అల్లూరు. మొబైల్ యాప్‌లు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తాను, ఎక్కువ రోజులు ఇంటి నుంచే. పెళ్ళయి వచ్చిన కొత్తలో మామయ్య నా ఉద్యోగం గురించి చాలాసేపు ఆరా తీసి, చివరికి ఫోన్లో అక్షరాలు కనిపించేలా చేసేది నేనేనా అని అడిగారు. కొంతవరకూ అన్నాను. అయితే కాస్త పెద్దవి చెయ్యమ్మాయ్ అన్నారు. సెట్టింగులలోకి వెళ్ళి ఆయన ఫోన్లో అక్షరాలు ఎంత పెద్దవి చేయొచ్చో అంత పెద్దవి చేసిపెట్టాను. ఊరంతా తిరిగి, మా కోడలు చేసిందని చూపించుకున్నారు. ఆ పని ఎవరైనా చేస్తారని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

గొంతు మీద ఆయనకు మహా మోజు. మైకు ముందుకు వెళ్ళే రోజు టీ ముట్టేవారు కాదు, బుగ్గన చిన్న బెల్లం ముక్క పెట్టుకునేవారు. మైకు గది తాళంచెవి మొలతాడుకే కట్టి ఉండేది. ఒక కాలు గడపకు ఇవతల పెట్టి, ముఖం సముద్రం వైపు తిప్పుకుని చదివేవారు. చదవడం అయ్యాక ఎప్పుడూ ఒకటే మాట: "చెప్పేది చెప్పినా. ఇంక మీ ఇష్టం." వినేవాళ్ళకు అందులో ఇష్టం ఏమీ ఉండదని తెలుసు. ఆయన వద్దంటే పడవ కదలదు. అందరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. వల సర్దే తడి చేతులతో ఫోన్ ఎవరు తీస్తారు? తీసినా, పెద్దాయన ఇంకా చెప్పలేదే అనేవాళ్ళు.

నా పెళ్ళి శుభలేఖను ఆయన బీరువాలో దాచుకున్నారని తెలిసి చాలా మురిసిపోయాను. ఒకరోజు బయటికి తీసి చూపించారు. ప్రేమతో కాదు, తప్పులు పట్టడానికి. బంధువుల పేర్లన్నీ ఒకే ముద్దగా వేశారట, చదివేవాడికి ఎక్కడ ఆగాలో తెలియదట. "అక్షరాలకు గాలి ఆడాలమ్మాయ్" అన్నారు. అచ్చువేయించింది మా నాన్న కాబట్టి నాకు కాస్త ఉడుకుమోత్తనం వచ్చింది. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

రెండేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కోలుకుంది, మాట తిరిగి వచ్చింది. చూపులోనే ఏదో తేడా మిగిలింది. ఒక లైను చివరిదాకా చదివి, కింది లైను మొదటికి రావాలంటే కన్ను దారి తప్పేది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నెల తిరక్కుండానే మైకు పట్టుకున్నారు. అప్పుడే ఒక హెచ్చరిక వచ్చింది. చేపల వేటకు వెళ్ళేవాళ్ళ కోసం మా కంపెనీ చేసిన యాప్‌లోనే. అందులో వాతావరణం మాటలన్నీ ఎడం లేకుండా ఒకే పేరాగా పడేవి. పేరా మధ్యలో ఆయన ఒక లైను దాటేశారు. ఉత్తరాన వేరే తీరానికి చెప్పిన గాలివాన మా తీరానికని చదివేశారు. మా పడవలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. పక్క పల్లెవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళి కానాగంత చేపలు గంపలకు గంపలు తెచ్చుకున్నారు.

ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు తల కొట్టేసినట్టయింది. తిడితే తిరిగి తిట్టేవారు, అక్కడితో సరిపోయేది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, వంటింటి మేకుకు తగిలించారు. సంఘంవాళ్ళు వచ్చి బతిమాలారు, ఆయన ససేమిరా అన్నారు. మనిషి రోజురోజుకీ మాట తగ్గించేశారు. బెల్లం డబ్బా వైపు కూడా చూడలేదు. అత్తయ్య నాతో మెల్లగా, "ఆ మైకు లేకపోతే ఈయన ఉండడమ్మా" అంది. నాకు భయం వేసింది.

నెల్లూరులో డాక్టరు రోజూ చదివించమన్నారు, పొట్టి పొట్టి లైన్లయితే తేలికన్నారు. అది నా చేతిలో ఉన్న పని. మా పనిలో లైను విరగాలంటే మాటల మధ్య ఒక గుర్తు పెడతాం: వెనక్కి వాలిన గీత, పక్కన ఇంగ్లిషు ఎన్. ఫోన్ దాన్ని చూసి లోపల్లోపలే అర్థం చేసుకుని, తర్వాతి మాటను కిందికి దింపాలి. నేను గుర్తులు పెట్టి మామయ్యకు ఫోన్ ఇచ్చాను. ఆయన గొంతు సవరించుకుని, "గాలులు బలంగా వీస్తాయి, గీత, ఎన్, అలలు..." అని చదివారు. ఫోన్ ఆ గుర్తును మామూలు అక్షరాలనుకుని ఉన్నదున్నట్టు చూపించేసింది. "ఈ ఎన్ ఎవురమ్మాయ్, మనూరోడేనా?" అన్నారు. చాన్నాళ్ళకు ఆయన వేళాకోళం ఆడటం అదే. తప్పు చేసినందుకు అంత సంతోషపడటం నాకూ అదే మొదలు.

అది సరిచేశాక ఇంకొక చిక్కు వచ్చింది. ఇన్ని అక్షరాలకొక లైను అని లెక్కపెట్టి విరిచాను. ఆయన ఫోన్లో పెద్ద అక్షరాలు కదా, ప్రతి లైనూ మధ్యలో మళ్ళీ విరిగి, చివరి మాట ఒంటరిగా కిందికి పడేది. మా ఆయన ఫోన్లో ఇంకోలా పడేది. కృష్ణపట్నం పోర్టులో డ్యూటీ దిగి కంపెనీ బస్సులో వస్తూ, ఎక్కడెక్కడ ఎట్లా విరిగిందో నాకు ఫొటోలు పంపేవాడు. ఏ వెడల్పుకు విరిచినా ఎవరో ఒకరికి కుదరడం లేదు.

చివరికి లెక్కలు పక్కన పెట్టాను. వెనకటి హెచ్చరికలు ఒక్కొక్కటే మామయ్య చేత చదివించాను. నేను వంటింటి గడప మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా ఒక లైను విరిచాను. అత్తయ్య పక్కనే రొయ్యలు ఒలుస్తూ వినేది. కొన్నాళ్ళకు తెలిసింది, ఏ తీరం అన్నాక ఒకసారి, ఎప్పటిదాకా అన్నాక ఒకసారి, గాలి, అలలు, చెయ్యాల్సిన పని, ఇట్లా ఒక్కో సంగతి దగ్గర ఒక్కోసారి ఆగుతున్నారు. ఎవరి ఫోన్ ఎంత వెడల్పున్నా సంగతి సంగతే కదా. యాప్‌లో అదే పద్ధతి రాశాను. ఒక్కో చోట ఆయన మరీ ఎక్కువ ఆగేవారు, ప్రతి మాటకూ ఒక లైను కావాలనేవారు. అట్లా చేస్తే కింది దాకా ఎవరూ రారని నేను, వస్తారని ఆయన. పోట్లాటలో గెలిచింది నేనే, కానీ ఆయన ఒప్పుకోలేదు.

ఆఫీసులో మా పైఆయన స్క్రీన్లో చోటంతా వృథా అన్నారు. నేను వాదించకుండా మామయ్య చదివిన రెండు రికార్డింగులు పంపాను, ముద్దగా ఉన్నప్పటిది ఒకటి, లైన్లు విరిచాక ఒకటి. సాయంత్రానికి సరే అన్నారు.

ఆ రోజుల్లో నేను సరిగ్గా గమనించని సంగతి ఒకటుంది. మామయ్య ఎప్పుడైనా లైను తప్పితే, రొయ్యల నీళ్ళు కారుతున్న వేలు ఒకటి వచ్చి స్క్రీన్ మీద సరైన చోట ఆగేది. అత్తయ్య రెండో తరగతిలోనే బడి మానేసింది. బస్సు బోర్డులు చదువుతుంది తప్ప పేపరు జోలికి పోదు. ఆమె వేలు అక్కడికి ఎట్లా వచ్చిందని నేను అడగలేదు.

తర్వాతి హెచ్చరిక వచ్చిన రోజు మామయ్య టీ వద్దన్నారు. మేకు మీది తాళంచెవి తీసుకున్నారు. నేను వెనకే వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. ఒక్క లైను తప్పలేదు. "చెప్పేది చెప్పినా. ఇంక మీ ఇష్టం" అన్నప్పుడు ఒడ్డున ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. ఆయన బయటికి వచ్చి, ఏమీ జరగనట్టు, ఇంట్లో బెల్లం అయిపోయిందన్నారు. ఆ తర్వాత చివరిదాకా ఆయన మైకు వదల్లేదు. నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలో నాకు గర్వం ఉన్నది ఆ నాలుగైదు లైన్ల మధ్య ఎడం గురించే.

కర్మలు ముగిసిన వారంలోనే హెచ్చరిక వచ్చింది. నా ఫోను మోగింది, మా ఆయనదీ మోగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేనే వెళ్దామని లేచేసరికి, అత్తయ్య చేతులు కడుక్కుని, మామయ్య ఫోన్ అందుకుని, ఆయన పోయాక మళ్ళీ మేకుకు చేరిన తాళంచెవి తీసుకుని వాకిలి దాటింది. బుగ్గన ఏదో పెట్టుకుంది. నేను వెనకే సంఘం గది దాకా వెళ్ళాను. కాసేపటికి మైకు గరగరలాడింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన గొంతు అది, మైకు లేకపోయినా వినిపించేదే.

కృష్ణపట్నం నుంచి దక్షిణ తీరం.
రేపు సాయంత్రం వరకూ.
గాలులు బలంగా వీస్తాయి.
అలలు ఎత్తుగా లేస్తాయి.
వేటకు వెళ్ళరాదు.

ప్రతి లైను దగ్గరా మామయ్య ఆగినంతసేపే ఆగింది. నేను గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాను.

"చెప్పేది చెప్పినా," అంది అత్తయ్య. ఒడ్డున అందరూ తలెత్తి మిగతా మాట కోసం చూశారు.

"ఇందులో మీ ఇష్టం ఏం లేదు. ఎవురూ పోబాకండి."

ఎవరో నవ్వారు. తర్వాత పడవలు ఒకదాని వెనక ఒకటి ఇసుక మీద పైకి జరగసాగాయి. అత్తయ్య గది తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, బెల్లం చప్పరిస్తూ ఇంటి వైపు నడిచింది.