వసారాలో మంచు మనిషి

తూకం కోసం పత్తిలో నీళ్ళు చల్లే కుటుంబమని మా ఇంటికి ఒక పూట పేరొచ్చింది. తెచ్చింది నేనే. ఎలా తెచ్చానో చెబుతాను, మీరు కడుపారా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

వినుకొండ దగ్గర పల్లె మాది. చిన్నికి ఐదేళ్ళు, బుజ్జిగాడికి నాలుగు. పొద్దున్నే స్కూలు బస్సు చూడగానే ఇద్దరూ గుమ్మం పట్టుకుని ఏడ్చేవారు. "డిగ్రీ చదివాను, ఆ మాత్రం అ ఆలు నేను చెప్పలేనా?" అని బడి మానిపించేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మా ఇంట్లో చదువు చెబితే పోయింది.

గుంటూరు వెళ్ళినప్పుడు చలికాలం బొమ్మల పుస్తకం ఒకటి కొన్నాను. అసలే కోతి, ఆపైన పుస్తకం దొరికింది! ఏ పేజీ చూసినా మంచే. ఇళ్ళ మీద మంచు, చెట్ల మీద మంచు, మంచుతో చేసిన బొజ్జ మనిషి, ఆయనకు క్యారెట్ ముక్కు. మన చలికాలం సంగతి మీకు తెలుసుగా, పొద్దున స్వెట్టరు, పదింటికల్లా ఫ్యాను.

"మంచు ఎట్టా ఉంటదమ్మా?" అంది చిన్ని.

"తెల్లగా, మెత్తగా."

"మన పత్తిలాగానా?"

బుద్ధున్న తల్లి "కాదు" అనేది. నేను చప్పట్లు కొట్టాను.

ఆ ఏటి పత్తంతా వసారాలో కుప్ప పోసి ఉంది. తూకం పెరగాలని కొందరు పత్తి మీద నీళ్ళు చిలకరిస్తారు. మా మామయ్య పత్తిలో ఒక్క చుక్క తడి ఉండదని ఎంత నమ్మకమంటే, కొనడానికి వచ్చే మస్తాన్ గారు కుప్పలో చెయ్యి పెట్టి కూడా చూసేవారు కాదు. మామయ్యకు పొలం కంటే ఆ నమ్మకమంటేనే ఎక్కువ మురిపెం. ఆ రోజు ఆయన పొలం వెళ్ళారు.

"ముద్ద కట్టట్లేదమ్మా," అన్నాడు బుజ్జిగాడు, చేతినిండా పత్తితో.

"మంచంటే చల్లగా ఉండాలిగా. నీళ్ళు చల్లండి," అన్నాను దర్జాగా. బకెట్టు నేనే తెచ్చిచ్చాను.

"ఇప్పుడేమైంది?"

"గట్టిపడింది!"

"ఇంకా?"

"బరువెక్కింది!"

"శభాష్! మళ్ళీ చెప్పండి!"

మళ్ళీ మళ్ళీ చెప్పించాను. ఆ తర్వాత నేను చెప్పిన ఏ పాఠమూ వాళ్ళకు అంత బాగా ఒంటబట్టలేదు.

క్యారెట్ లేదని పండుమిరపకాయ ముక్కు పెట్టాం. బుజ్జిగాడు ఆ ముక్కుకు ముద్దు పెట్టి ఊరు లేచిపోయేలా ఏడ్చాడు. వాణ్ణి ఎత్తుకుని పంచదార కోసం వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి మంచు మనిషి లేడు.

"ఏడే?"

"పడుకున్నాడమ్మా," అంది చిన్ని.

ఎక్కడ అని అడగాలి కదండీ! అడగలేదు. పాపం చలేస్తుందని ఆయన్ను కుప్ప లోపల పెట్టి, పైన పొడి పత్తి కప్పింది నా బంగారం.

మర్నాడు మస్తాన్ గారు కాటా తెచ్చారు. కూలీలు బోరా సంచుల్లోకి పత్తి తొక్కుతుంటే ఒకడు ఆగిపోయాడు. వాడి చేతిలో నీళ్ళోడుతున్న పత్తి ముద్ద. దాని చుట్టూ ఉన్న పత్తంతా చెమ్మ.

"బాబాయ్, ఇదేంది?" అన్నారు మస్తాన్ గారు నెమ్మదిగా.

మామయ్య ముఖంలో రక్తం లేదు. "నా ఇంట్లో నీళ్ళు చల్లేదెవరయ్యా?"

"మేమే తాతయ్యా!" చిన్ని ముందుకు దూకింది. "అమ్మే చల్లమంది. నీళ్ళు చల్లితే గట్టిపడుద్ది, బరువెక్కుద్ది!"

"బరువెక్కుద్ది!" అన్నాడు బుజ్జిగాడు చేతులూపుతూ.

నేను పుస్తకం తెచ్చి గబగబా పేజీలు తిప్పాను. "మంచు మనిషండీ అన్నయ్యా... పాఠం..."

మస్తాన్ గారు పుస్తకాన్ని చూశారు, నన్ను చూశారు. "ఇందులో పత్తెక్కడుంది చెల్లెమ్మా?"

మామయ్య కుప్పంతా వాకిట్లోకి లాగించి ఎండలో పరిచారు. వీధి జనమంతా చూస్తుండగా నడుం వంచి ఒక్కో గుప్పెడూ తీసి మస్తాన్ గారికి చూపించారు. నేనూ పక్కన కూర్చుని పత్తి విడదీశాను. ఆయన నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

మస్తాన్ గారు చివరికి నవ్వేసి పత్తి కొన్నారు. కానీ అప్పటినుంచీ వచ్చిన ప్రతిసారీ మా కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తారు. అప్పుడు మామయ్య అటు తిరిగి నిలబడతారు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

మొన్న మామయ్యే పలకరించారు.

"అమ్మాయ్, రేపు తూకం. పిల్లలకు ఏం పాఠం?"

"ఎక్కాలు మామయ్యా."

"వాటికి నీళ్ళేం అక్కర్లేదుగా?"

అందుకే పంచభూతాల్లో నీటిని మినహాయించి, మిగిలిన నాలుగింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పిల్లలు మంచంటే ఏమిటని అడిగితే ఫ్రిజ్ తలుపు తీస్తాను, చూపిస్తాను, మూసేస్తాను.