పారమ్మ దిగలేదు

అరసవల్లి కల్యాణమండపంలో లాన్ కోసే పారమ్మ సాలూరు లారీ షెడ్డులో పెరిగిన మనిషి. కోత బండి ఎక్కేముందు రోజూ కొంగు నడుముకు దోపి, బేటరీ టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్ళతో కడుగుతుంది. ఆమె సెలవు పెట్టిన నెలలో మేనేజరు ప్రమోద్ బేటరీలో డిస్టిల్డ్ వాటర్‌కి బదులు మినరల్ వాటర్ పోశాడు. ఇప్పుడు తాళం తిప్పితే బండి 'టక్' అని ఊరుకుంటోంది. ఇంజను పోయిందని పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాడు.

పారమ్మ వచ్చి బండి సీటెక్కి కూచుంది. "సచ్చింది బేటరీ, ఇంజను కాదు. నువ్వు తాగీ నీళ్ళు అది తాగదు బావూ!" "దిగు," అన్నాడు ప్రమోద్. దిగలేదు. బండిని మోసుకుపోవడానికి వచ్చిన ఆటో బేటరీ నుంచే దీనికి వైర్లు కలపమంది. ఇనుము కొనేవాడు నవ్వుకుంటూ కలిపాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. ప్రమోద్ బూట్ల చుట్టూ అడుగు మేర గడ్డి వదిలేసి, మిగతా లానంతా కోసేసింది.